పేడి అంటే పిరికివాడా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. బెంగళూరు ఆఫీసులో మీ కన్నడ మిత్రుడు ఎవరినో "హేడి" అన్నాడు. అంటే ఏమిటని అడిగితే పిరికివాడు అని చెప్పాడు. మీకు తెలుగు "పేడి" గుర్తొచ్చి ఊళ్ళో తాతగారికి ఫోన్ చేశారు. ఆయన, "పేడి అంటే ఆడా మగా కానివాడు, బృహన్నలను అలాగే అంటారు" అన్నారు. ఈ రెండూ ఒకే మాటా? ఒకటే అయితే అర్థం ఎక్కడ తిరిగింది? నపుంసకుడు, ఆడంగి, కొజ్జా, చేతకానివాడు, ఇవన్నీ ఒకదాని బదులు ఒకటి వాడదగ్గవేనా? మీరు తెలుగు చేస్తున్న కన్నడ కథలో ఆ "హేడి"కి ఏం రాయాలి?

నేను జిల్లా కోర్టుల్లో 27 ఏళ్ళు అనువాదకుడిగా పనిచేసి రిటైరయ్యాను. సాక్షులు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులో వచ్చిన ఉత్తర్వులు తెలుగులోకి మార్చడమే నా పని. మీరడిగిన మాటలన్నీ నా బల్ల మీదికి వచ్చినవే. వాటిలో ఒక మాట ఒక మనిషికి ఎంత పని చేసిందో దగ్గర నుంచి చూశాను. అందుకని జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి.

మొదటి సందేహం తేలికైనది. పేడి, హేడి ఒకటే మాట. పాత కన్నడంలో మాట మొదట ఉన్న "ప" కాలక్రమంలో "హ" అయింది. మన పాలు వాళ్ళకి హాలు, పులి హులి, పండు హణ్ణు, పల్లు హల్లు, పేను హేను. అదే దారిలో పేడి హేడి అయింది. తమిళంలోనూ పేడి ఉంది. పాత తమిళ కావ్యం సిలప్పదికారంలో నర్తకి మాధవి ఆడిన 11 నృత్యాల్లో "పేడు" ఒకటి. మన్మథుడు పేడి రూపంలో ఆడిన ఆట అది. అక్కడ తిట్టు లేదు, వెటకారం లేదు, అదొక నాట్య భేదం. మలయాళంలోకి వెళితే మాట అదే, అర్థం ఇంకో చోట తేలింది. వాళ్ళకి పేడి అంటే నేరుగా భయం. "పేడిక్కేండ" అంటే భయపడొద్దు అని. కేరళలో తల్లి బిడ్డకు ధైర్యం చెప్పేటప్పుడు వాడే మామూలు మాట.

ఇప్పుడు నాలుగు భాషలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగులో, పాత తమిళంలో అది ఒక మనిషి. ఆడా మగా అని తేల్చలేని మనిషి. కన్నడంలో పిరికివాడు. మలయాళంలో మనిషే పోయి భయం ఒక్కటే మిగిలింది. ఒక రకం మనుషుల పేరు కాస్తా ఒక గుణం పేరైపోయింది. మగతనం లేదంటే ధైర్యం లేనట్టే అని లోకం ముందే అనుకుని ఉండటం వల్ల జరిగిన జారుడు ఇది. తెలుగులో పేడి అన్న మాట పూర్తిగా జారలేదు. పుస్తకాల్లో నిలిచిపోయింది. మీసకట్టు లేని మొహాన్ని పేడిమూతి అనడం మా చిన్నప్పుడు వినేవాళ్ళం. ఇప్పుడు అదీ వినబడటం లేదు. కానీ మాట జారకపోయినా ఊహ జారింది. పేడి చేయాల్సిన పనిని ఇంకో అరడజను మాటలకు అప్పజెప్పాం.

నేను పేడి అన్న మాట మొదట విన్నది బడిలో కాదు, వాన కోసం. మాది పల్నాడు వైపు మెట్ట ఊరు. శ్రావణం సగం గడిచినా చినుకు పడకపోతే రామాలయంలో విరాటపర్వం చదివించేవాళ్ళు. విరాటపర్వం చదివితే వాన పడుతుందని తెలుగునాట చాలా ఊళ్ళలో ఉన్న నమ్మకమే. పక్క ఊరి నుంచి వచ్చిన పంతులుగారు వ్యాసపీఠం మీద తిక్కన భారతం పెట్టుకుని, పద్యం చదివి, ఆపి, అర్థం చెప్పేవారు. పెట్రోమాక్స్ లైటు చుట్టూ పురుగులు. మేం పిల్లలం గచ్చు మీద పడుకుని వినేవాళ్ళం. "పేడి" అన్నప్పుడు వెనక కూర్చున్న కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. పంతులుగారు చదవడం ఆపారు. కోప్పడలేదు. "కాసేపు ఆగి నవ్వండ్రా, ఎవర్ని చూసి నవ్వాలో కథే చెబుతుంది" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

కథ మీకు తెలిసిందే అయినా, ఆ మాట ఎవరి నోట్లో ఎప్పుడు పడిందో చూడటానికి ఒకసారి గుర్తు చేస్తాను. కౌరవులు ఉత్తరం వైపు ఆవుల మందను తోలుకుపోతున్నారు. విరాటుడి కొడుకు ఉత్తరుడు అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కూర్చుని, సారథి దొరికితే చాలు, భీష్మద్రోణులను ఒంటిచేత్తో పడగొడతానంటాడు. మనం ఉత్తరకుమార ప్రగల్భాలు అనేది దీన్నే. నాట్యం నేర్పే బృహన్నల, అంటే మారువేషంలో ఉన్న అర్జునుడు, సారథి అవుతాడు. కవచం తిరగేసి తొడుక్కోబోతే అమ్మాయిలు నవ్వుతారు. తీరా కౌరవసేన కనబడగానే ఉత్తరుడు రథం దూకి పరుగు లంకించుకుంటాడు. పొడుగాటి జడ ఊగుతుండగా బృహన్నల వెంటపడతాడు. ఆ జడను చూసి అవతల సైనికులు నవ్వుతారు. నూరడుగులు పోకముందే జుట్టు పట్టుకుంటాడు. వదిలేస్తే బంగారం ఇస్తాను, మణులు ఇస్తానని ఉత్తరుడు బతిమాలతాడు. బృహన్నల అతనికి పగ్గాలు ఇచ్చి, జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలు దింపించి, తానొక్కడే ఆ సేనను ఓడిస్తాడు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. నగరంలో విరాటుడు కొడుకే గెలిచాడనుకుని పొంగిపోతున్నాడు. పాచికలాడుతూ ఎదురుగా కూర్చున్న కంకుడు, అంటే ధర్మరాజు, "బృహన్నల తోడుంటే గెలవనిదెవరు" అంటాడు. విరాటుడికి మండిపోతుంది. నా కొడుకుతో సమానంగా ఒక పేడిని పొగుడుతావా అని చేతిలో పాచికలు మొహాన కొడతాడు. సంస్కృతంలో అక్కడున్న మాట "షండ". ధర్మరాజు ముక్కు నుంచి రక్తం కారితే అది నేల మీద పడకుండా ద్రౌపది బంగారు గిన్నె పడుతుంది. అంటే భారతంలో ఆ మాట తిట్టుగా బయటికి వచ్చిన చోట, తిట్టినవాడికి అసలు సంగతి తెలియదు. వినేవాళ్ళకు మాత్రం తెలుసు. మా పంతులుగారు ఆగి చూడమన్నది ఇక్కడిదాకా అని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

సరిగ్గా ఇదే మనిషికి, ఆ ఏడాది గడిచాక కురుక్షేత్రంలో ఇంకో మాట తగిలింది. భగవద్గీత రెండో అధ్యాయం, మూడో శ్లోకం: "క్లైబ్యం మా స్మ గమః పార్థ". క్లీబుడు అంటే నపుంసకుడు, క్లీబుడి భావం క్లైబ్యం. మగతనం గురించిన ఉపన్యాసాల్లో ఈ ముక్కను తరచూ వాడుకుంటారు. "చూశారా, కృష్ణుడే పేడితనం వద్దన్నాడు" అంటారు. పద్యం సగంలో ఆపేస్తే అలాగే అనిపిస్తుంది. మూడో పాదంలో కృష్ణుడే అర్థం చెప్పాడు: "క్షుద్రం హృదయదౌర్బల్యం". క్లైబ్యం అంటే అక్కడ గుండె జారిపోవడం. దానికి ముందు అధ్యాయంలో అర్జునుడు తన స్థితి తానే వివరంగా చెప్పుకున్నాడు. నోరు ఎండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారుతోంది అని. చావు భయం కాదది. ఎదురుగా ఉన్నది తాతా గురువూ అన్న జాలి. కాబట్టి గీతలోని క్లైబ్యానికి పిరికితనం అన్నా పూర్తిగా అతకదు. నన్నడిగితే "చేతులు ఉడిగిపోవడం" అంటాను. ఇంకో సంగతి చూడండి. కృష్ణుడు ఈ మాట అంటున్నది ఏడాది పాటు క్లీబుడి రూపంలో బతికి, ఆ రూపంలోనే రథమెక్కి గెలిచిన మనిషితో. "నైతత్త్వయ్యుపపద్యతే", ఇది నీకు తగదు అన్నాడు. ఒంటికీ ఆ గుణానికీ ముడి లేదని ఇద్దరికీ తెలుసు. ఆ సందర్భం తెలిసినవాళ్ళు శ్లోకాన్ని తిట్టుగా వాడరు.

ఇక "నపుంసకుడు". ఇది సంస్కృత వ్యాకరణంలో బాగా వాడే మాట. స్త్రీ కాదు, పుమాన్ (పురుషుడు) కాదు, అందుకని నపుంసకం అని వ్యాఖ్యాతలు విడదీశారు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం మనుష్యవర్గంలో తృతీయాప్రకృతి, షండ, క్లీబ, పండ, నపుంసక అని ఐదు మాటలు వరసగా ఇచ్చింది. వీటిలో "తృతీయాప్రకృతి" అన్నది గమనించండి. మూడో స్వభావం. లోపం అనలేదు. వ్యాకరణంలో లింగం అంటే శరీరం కాదనడానికి మా తెలుగు మాస్టారు ఒక ఉదాహరణ చెప్పేవారు. భార్య అన్న అర్థానికే సంస్కృతంలో భార్యా స్త్రీలింగం, దారాః పుంలింగం, పైగా బహువచనం, కలత్రం నపుంసకలింగం. ఇంట్లో ఉన్నది ఒకే మనిషి. మిత్రం కూడా నపుంసకమే, దానివల్ల స్నేహితుడికి వచ్చిన లోటేం లేదు. తెలుగుకైతే ఈ మూడు లింగాల లెక్క అసలు సొంతం కాదు. మనది మహత్తు (మగవాళ్ళు), అమహత్తు (మిగతావన్నీ). "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది", క్రియ ఒకటే.

ఇలాంటి వ్యాకరణపు మాట రోడ్డు మీదికి వచ్చి తిట్టయింది, కోర్టులోకి వచ్చి ఆరోపణ అయింది. ఆరోపణగా అది ఏం చేస్తుందో చెప్పడానికే ఇంతసేపూ రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందటి కేసు. ఊరు చెప్పను, పేర్లు చెప్పను. పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు లేరు. భార్య తరఫువాళ్ళు పెళ్ళి రద్దు చేయమని పిటిషన్ వేశారు. తెలుగులో రాసిన మూల కాగితంలో "ప్రతివాది నపుంసకుడు" అని ఉంది. దాంతో పాటు ఒక ల్యాబు రిపోర్టు జత చేశారు. అందులో ఉన్నది వీర్యకణాల సంఖ్య తక్కువ అని మాత్రమే. రెండూ పక్కపక్కనే నా ముందు ఉన్నాయి. నేను రాసినదాన్నే మార్చాలి గానీ సరిదిద్దకూడదు. నపుంసకుడికి ఇంగ్లీషులో ఏ మాట ఉందో అదే టైపు చేశాను.

హిందూ వివాహ చట్టం, 1955లో 12వ సెక్షన్ ప్రకారం, అవతలివారి నపుంసకత్వం వల్ల కాపురమే జరగకపోతే పెళ్ళి రద్దు కోరవచ్చు. పిల్లలు పుట్టకపోవడం ఆ సెక్షన్‌లోకి రాదు. ఈ రెండూ వేరు. కాపురానికి ఏ ఇబ్బందీ లేని మగవాడికి వీర్యకణాలు బొత్తిగా లేకపోవచ్చు. కణాలు చక్కగా ఉన్నవాడికి షుగరు వల్లో, బీపీ మందుల వల్లో, టెన్షన్ వల్లో అంగస్తంభన సమస్య రావచ్చు. మన ఊళ్ళలో రెండిటికీ కలిపి "సంసారానికి పనికిరాడు" అనేస్తారు. పిటిషన్ రాసినాయన కూడా అదే చేశాడు.

ఆ అమ్మాయి బోనులో నిలబడి నిజమే చెప్పింది. కాపురం జరిగిందా అని అవతలి లాయరు అడిగితే, తల దించుకుని "జరిగిందండి" అంది. "మరి పిటిషన్‌లో ఇలా ఎందుకుంది?" "పిల్లలు పుట్టరంట అని చెప్పానండి, ఆయన అట్టా రాసుకున్నాడు." పిటిషన్ కొట్టేశారు. భర్త వెనక బల్ల చివర కూర్చుని ఉన్నాడు. చేతిలో బస్సు టికెట్టు, దాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు. వారం తర్వాత సర్టిఫైడ్ కాపీ కోసం వచ్చాడు. కాపీ తీసుకుని వెళ్ళకుండా నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. "అయ్యా, కేసు పోయింది గదా. ఆ కాయితంలోంచి ఆ మాట తీసేయడానికి ఎంతవుద్ది?" అని అడిగాడు. రికార్డులో పడిన మాట తీయరు. ఆ సంగతి అతనికి చెప్పాల్సింది నేనే. ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఆ మాట అప్పటికే అతని ఇంటిపేరులా అయిపోయిందని తర్వాత తెలిసింది. కేసు కొట్టేశారన్న కబురు మాత్రం టీ కొట్టు దాకా పోలేదు.

అందుకే చెబుతున్నాను. ఆరోగ్యం గురించి రాసేటప్పుడు నపుంసకుడు అని మనిషికి పేరు పెట్టకండి. అంగస్తంభన సమస్య అయితే అదే రాయండి. పిల్లలు పుట్టకపోతే సంతానలేమి అనండి. చట్టం భాషలో తప్పనిసరైతే నపుంసకత్వం అని స్థితిని చెప్పండి, అదీ డాక్టరు కాగితం చూశాక.

"ఆడంగి" సంగతి విచిత్రం. మా నాయనమ్మ రోజూ వాడే మాట ఇది, కాకపోతే బహువచనంలో. "ఆడంగులంతా ముందు తినేయండే, మగాళ్ళు పొలం నుంచి వచ్చేటప్పటికి చీకటి పడుద్ది" అనేది. ఆడంగులు అంటే ఆడవాళ్ళు, అంతే. పెళ్ళిళ్ళలో "ఆడంగుల విడిది" అన్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అదే మాట ఏకవచనంలోకి దిగి మగవాడి మీద పడితే తిట్టు. అంటే ఆడవాళ్ళకు ఆడవాళ్ళనే పేరు మామూలుగానే ఉంది. మగవాడిని అందులో కలిపితేనే అవమానం. ఈ తిట్టు మొత్తం బరువంతా ఆడతనం తక్కువన్న నమ్మకం మీద నిలబడి ఉంది. ఆ నమ్మకం తీసేస్తే మాటలో ఇంకేమీ మిగలదు.

ఇలాంటివి తెలుగులో ఎన్ని ఉన్నాయో ఒకసారి తలుచుకోండి. దద్దమ్మ, వాజమ్మ. రెండూ ఎక్కువగా మగవాళ్ళనే అంటాం, రెండిటి చివరా అమ్మ ఉంది. "గాజులు తొడుక్కుని కూర్చో", "చీర కట్టుకో", "మూతి మీద మీసం ఉంటే రా", "మగాడివైతే తేల్చుకో". పని చేయని అధికారి బల్ల మీద గాజులూ చీరా పసుపూ కుంకుమా పెట్టి నిరసన చెప్పడం మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉంటాం. చాలాసార్లు ఆ గాజులు తెచ్చేది ఆడవాళ్ళే. మా ఊళ్ళో మిరప కోతల కాలంలో గాజుల చేతులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఘాటుకి మండుతూనే కాయలు కోసేవి. రాత్రి ఆ మంట తగ్గడానికి మా అమ్మ చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఆ గాజులు చేతకానితనానికి గుర్తెలా అయ్యాయో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

"కొజ్జా" దారి వేరు. ఇది ద్రావిడం కాదు, సంస్కృతం కాదు. పారశీకం వైపు నుంచి ఖ్వాజా, ఖోజా అన్న రూపాల మీదుగా వచ్చింది. ఖ్వాజా అంటే అయ్యగారు, దొరగారు అన్నట్టు గౌరవ పదం. సుల్తానుల, మొఘలుల అంతఃపురాల్లో పెత్తనం చేసిన నపుంసక అధికారులను ఖ్వాజాసరా అనేవారు. వాళ్ళలో సేనలు నడిపినవాళ్ళూ ఉన్నారు. అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాపతి మాలిక్ కాఫూర్ అలాంటివాడే. 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రుడి చేత కప్పం కట్టించుకున్నది అతనే. ఆ దండయాత్ర మనవాళ్ళకు మిగిల్చిన నష్టం వేరే చర్చ. ఇక్కడ నేను చెప్పేదల్లా, ఆ మాట మన నేల మీదికి వచ్చిన కాలంలో దాని వెనక అధికారం ఉండేదని. తర్వాత అధికారం పోయింది, గౌరవం పోయింది, బస్టాండులో విసిరే రాయిలా మిగిలింది.

హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం తెచ్చారు. దాని ఇంగ్లీషు పేరులోనే నపుంసకులు అన్న అర్థమిచ్చే మాట ఉంది. నగరంలో అలాంటివారి పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, ఆడవేషంలో బయట కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రాజ్యం పోయినా, రాష్ట్రాల పేర్లు మారినా, ఆ చట్టం తెలంగాణ పేరు తగిలించుకుని పుస్తకాల్లో ఉండిపోయింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని దాన్ని కొట్టేసింది. అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించింది. అమరకోశంలోని తృతీయాప్రకృతి అన్న పేరుకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

కాబట్టి ఆ సమూహానికి చెందినవాళ్ళ గురించి రాస్తుంటే కొజ్జా, ఛక్కా, పాయింట్ ఫైవ్, తేడా, ఇవేవీ వద్దు. కథలో పాత్ర నోట తిట్టుగా రావాలంటే అది వేరు, అప్పుడు తిట్టు తిట్టులాగే వినబడాలి. రచయిత గొంతులో మాత్రం ట్రాన్స్‌జెండర్ అనండి, వాళ్ళు తమను హిజ్రా అని చెప్పుకుంటే హిజ్రా అనండి. వచ్చాడు అనాలా, వచ్చింది అనాలా అన్న తడబాటు ఉంటే "వచ్చారు" అనండి. తెలుగులో ఈ సౌకర్యం ఉంది, గౌరవం ఇస్తే ఆడామగా తేడా తనంతట తానే పోతుంది.

కొన్ని మాటలు మాత్రం ఈ మురికి కడుక్కుని బయటపడ్డాయి. "నిర్వీర్యం" చూడండి. వీరుడి గుణం వీర్యం, అది లేకపోవడం నిర్వీర్యం. ఇవాళ పేపర్లో "బాంబును నిర్వీర్యం చేశారు" అని చదివితే మగతనం ఎవరికీ గుర్తురాదు. "పౌరుషం" కూడా అంతే. పురుషుడి నుంచి పుట్టిన మాటే, కానీ తెలుగులో దాని అర్థం అవమానం పడలేకపోవడం. "ఆమెకు పౌరుషం ఎక్కువ" అని ఏ మొహమాటం లేకుండా అంటాం. పల్నాటి పౌరుషం అంటే మా వైపు బ్రహ్మనాయుడితో పాటు నాయకురాలు నాగమ్మ పేరూ చెబుతారు. కాకతీయ రుద్రమదేవికి మాత్రం ఈ వెసులుబాటు దొరకలేదు. ఆమెకు రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టుకోక తప్పలేదు.

ఆఖరికి "మగ" అన్న మాట కూడా మొదట మగవాడిది కాదు. తమిళంలో మగన్ కొడుకు, మగళ్ కూతురు. కన్నడంలో మగు అంటే బిడ్డ, ఆడైనా మగైనా. ఆ వేరు నుంచే మన మగడూ వచ్చాడు, మన "మగువ" కూడా వచ్చింది. మగువ అంటే ఆడది. మగతనం లేదు అని తిట్టేవాళ్ళకు ఇది చెబితే నమ్మరు, నిఘంటువు తీసి చూపించాల్సి వస్తుంది. నేను రెండుసార్లు చూపించాను.

ఇక మీ కథ. మీరు పంపిన వాక్యంలో తండ్రి కొడుకుతో, "నీను హేడి, అదక్కే ఓడి బందె" అంటున్నాడు. నువ్వు హేడివి, అందుకే పారిపోయి వచ్చావు అని. ఇక్కడ తండ్రి అంటున్నది కొడుకు ఒంటి గురించి కాదు, పారిపోవడం గురించి. తాతగారు చెప్పారని "పేడి" అని రాస్తే తెలుగు పాఠకుడికి బృహన్నల కనబడతాడు, పారిపోయినవాడు కనబడడు. పారిపోయింది ఉత్తరుడు కదా. "ఆడంగి" అని రాస్తే కన్నడ తండ్రి అనని మాటను మీరు అతని నోట్లో పెట్టినట్టు. "పిరికిపంద" అని రాయండి. తండ్రి మరీ కరుకైనవాడైతే "పిరికి సన్నాసి" అన్నా నడుస్తుంది. తర్వాతి పేజీలో తల్లి అదే మాటను మెల్లగా అంటుందని రాశారు, అక్కడ తిట్టు తీసేసి "భయపడ్డావా నాయనా" అంటే చాలు.